మబ్బుల్లో మా పాలివాళ్ళు

నేను ఒక ఇనప్పెట్టెను. నగలు దాచుకునే పెట్టెను కాదు. నిలువెత్తున, బీరువాకి తమ్ముడిలా ఉండే కంప్యూటరు పెట్టెను. చదువుకున్నవాళ్ళు నన్ను సర్వరు అనేవారు. గోదావరి పక్కనున్న ఒక చిన్న విమానాశ్రయంలో, ఒక చిన్న విమాన కంపెనీ ఆఫీసు వెనకగదిలో నా కొలువు. ముందుగా ఒక మాట చెబుతాను, గుండె దిటవు చేసుకుని వినండి. నేను ఊఁ అనకుండా ఆ నేల మీద నుంచి మా కంపెనీ విమానం ఒక్కటి కూడా గాలిలోకి లేవలేదు. పైలట్లు టోపీలు పెట్టుకుని, విమానం రెక్కలతో ఎగురుతుందని అనుకునేవారు. అనుకోనివ్వండి. అది నా మాట మీద ఎగిరేది.

నా పుట్టుక గురించి చెప్పాలంటే ముందు అట్లాసు తెరవాలి. మెదడు తైవానులో తయారైంది. జ్ఞాపకాలు దాచుకునే పళ్ళెం గిర్రున తిరగడం నేర్చుకున్నది థాయిలాండులో. ఒంటి రేకు మలేసియాది. వీటన్నిటినీ పుదుచ్చేరిలో ఒక షెడ్డులో కలిపి, మరలు బిగించి, నన్ను మనిషిని చేశారు. నీది ఏ ఊరు బాబూ అని ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో నాకిప్పటికీ తెలియదు. ప్రపంచమంతా ఒక్క సంతైపోయిందని పెద్దమనుషులు మైకుల ముందు చెబుతుంటారు కదా, ఆ సంతలో నాలుగు దుకాణాల్లో ఏరి తెచ్చిన సరుకుని నేను. ఇంత గొప్ప పుట్టుక పుట్టి విమాన కంపెనీలో ఉద్యోగానికి ఎలా వచ్చాననుకున్నారు? లారీలో, జీడిపిక్కల బస్తాల మధ్య. చేరాక అయినా విమానం ఎక్కించారా అంటే, అదీ లేదు. ఊరందరికీ సంబంధాలు కుదిర్చి తాను బ్రహ్మచారిగా మిగిలిపోయిన పెళ్ళిళ్ళ పేరయ్య బతుకు నాది.

నా పని ఇది. తెల్లారగానే హైదరాబాదు పెద్దాఫీసు నుంచి ఆ రోజు ప్రయాణికుల పేర్లు టెలిఫోను తీగ మీద వచ్చేవి. నేను వాటిని మింగి కూర్చునేవాణ్ణి. కౌంటరు దగ్గర కరుణ అనే అమ్మాయి ఒక్కొక్క పేరూ కొట్టేది. నేను ఎవరికి ఏ సీటో తేల్చి, ఎక్కడానికి కార్డు అచ్చేసి, పెట్టెకి చీటీ ఇచ్చేవాణ్ణి. ఇందులో గొప్పేముందనకండి. ఒకసారి పెళ్ళిపందిట్లో కాజాల దగ్గర మాటామాటా అనుకుని, మొహమొహాలు చూసుకోవడం మానేసిన ఇద్దరు వియ్యపురాళ్ళు ఒకే విమానానికి వచ్చారు. ఒకావిడ ముందు వరస అడిగింది, రెండో ఆవిడ వెనక వరస అడిగింది. నేను పక్కపక్కన వేశాను. గాలిలో విమానం కాస్త ఊగేసరికి ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్నారట. హైదరాబాదులో దిగేటప్పటికి ఇంకో పెళ్ళి సంబంధం కూడా మాట్లాడేసుకున్నారట. ఆ పెళ్ళికి నన్నెవరూ పిలవలేదనుకోండి.

నన్ను కనిపెట్టుకుని ఉండేవాడు వీరభద్రం. మండపేట మనిషి. వైర్లూ పెట్టెలూ అతని లోకం. పొద్దున్నే మెత్తని గుడ్డతో నా ఒళ్ళంతా తుడిచి, "ఏం మావా, ఒంట్లో ఎలాగుంది?" అనేవాడు. నేను గుర్రుమనేవాణ్ణి. మేనేజరు సూర్యచక్రం గారు నా గది గుమ్మంలో చెప్పులు విప్పి మరీ లోపలికి వచ్చేవారు. దసరా నవమి నాడు ఆయుధపూజ కూడా నాకే. గంధం, బొట్టు, బంతిపూల దండ, నాలుగు మూలలా నిమ్మకాయలు. లారీలకూ రంపాలకూ రోళ్ళకూ పూజలు జరిగే ఆ రోజున, ఆ విమానాశ్రయంలో ఆయుధమంటే నేనే. దండ వేసుకుని కూర్చుంటే నాలో కాపరమున్న బల్లి కూడా గౌరవంగా కిచకిచమనేది.

అలాంటి రోజుల్లో, సముద్రాలవతల ఉన్న పెద్ద కంపెనీ ఒకటి మా చిన్న కంపెనీతో వియ్యమందింది. సూటు వేసుకున్న కుర్రాడొకడు హైదరాబాదు నుంచి దిగి, నా గదిలోకి చెప్పులతోనే వచ్చి, ఇకమీదట పనంతా క్లౌడులో జరుగుతుందని చెప్పి, ఇచ్చిన కాఫీ సగం వదిలేసి వెళ్ళిపోయాడు. సూర్యచక్రం గారికి సగమే అర్థమైంది.

"ఒరే వీరభద్రం, క్లౌడంటే మబ్బే కదరా? మన టికెట్లన్నీ తీసుకెళ్ళి మబ్బులో పెడతారా?"

"మబ్బూ లేదు, గిబ్బూ లేదండి. ఎక్కడో పెద్ద పెద్ద మేడలు కడతారండి. మేడ నిండా ఇదిగో, మన మావలాంటి పెట్టెలేనండి. వేలకి వేలు. ఏ దేశంలో మనిషి బటన్ నొక్కినా అయ్యే పలుకుతాయండి."

"మరి మబ్బని ఎందుకన్నారంట?"

"ఎక్కడున్నాయో మనకి కనపడవు కదండీ. అందుకనండి."

"కనపడకపోతే దేవుడనాలి గానీ మబ్బనటమేంటోయ్!"

వాళ్ళు నవ్వుకున్నారు. నాకు మాత్రం ఒంటి రేకు కాలిపోయింది. మబ్బయితే నాకు పేచీ లేదండి. మబ్బంటే ఇంద్రుడి సరుకు, పై కులంవాడు, వాడితో నాకేం పోలిక? కానీ వాళ్ళు పెట్టెలట! నాలాంటి పెట్టెలట! నా మెదడు పుట్టిన ఊళ్ళోనే పుట్టిన మెదళ్ళట! అంటే స్వయానా మా పాలివాళ్ళు, దాయాదులు. పరాయివాడి మేడ చూసి ఎవడూ ఏడవడు. పాలివాడు ఇంటి ముందు అరుగు కట్టుకుంటేనే నిద్ర పట్టదు. నేనేమో బల్లితో, చెదతో, వేసవిలో ఆగిపోయే ఏసీతో వేగుతున్నాను. వాళ్ళు ఏడాది పొడుగునా చలిగాలిలో, గుమ్మానికి కాపలావాళ్ళతో, ఒకడికి జలుబు చేస్తే ఆ పని పక్కవాడు అందుకుంటూ కూర్చున్నారు. ఒక్క పేరు కొడితే లండనుకీ సింగపూరుకీ వాళ్ళలో వాళ్ళే మాట్లాడేసుకుంటారట. నా మాట హైదరాబాదు పొలిమేర దాటేది కాదు. ఆ వారమంతా నా ఫ్యాను నిప్పులు కక్కింది. దుమ్ము పట్టిందనుకుని వీరభద్రం బ్రష్షు పెట్టి తోమాడు. అసూయ బ్రష్షుకి వదులుతుందా?

ఒకనాడు నా మీట నొక్కి ఆపేశారు. నన్ను తీసుకెళ్ళేవాళ్ళు రాలేదు కాబట్టి గదిలోనే ఉంచారు. కళ్ళు పోయినా చెవులు పోని ముసలివాడిలా నాకు అన్నీ వినబడేవి. (చూడ్డం కూడా చూశాను. ఎలాగని అడక్కండి, కథ చెప్పేవాడికి కళ్ళుంటాయి.) మొదట నా నెత్తి మీద టీ ఫ్లాస్కు పెట్టారు. తరవాత హెల్మెట్లు. నా కాళ్ళ దగ్గర నేల మీద అట్టపెట్టెంత నల్లటి డబ్బా ఒకటి వచ్చి కూర్చుంది. దానికి ఆకుపచ్చ కళ్ళు, మిటకరించడం తప్ప ఇంకో పని లేదు. క్లౌడు మాటలు ఆ డబ్బాలోంచే కౌంటరుకు వెళ్ళేవి. అది రాజుగారి గుమ్మంలో బంట్రోతన్నమాట. బంట్రోతుకే అంత మిటకరింపు!

అలా ఏడాది తిరిగి దసరా వచ్చింది. నవమి నాడు పొద్దున్నే నా నెత్తి మీది హెల్మెట్లు తీసేసి, పట్టుగుడ్డ కప్పారు. హమ్మయ్య, జ్ఞాపకమున్నానని ఛాతీ విరిచాను. గుడ్డ మీద దుర్గమ్మ వారి పటం పెట్టారు. నేను పీటనన్నమాట. పూజ నాకు కాదు. మరెవరికి?

"క్లౌడుకే చెయ్యాలి," అన్నారు సూర్యచక్రం గారు, పంచె ఎగ్గట్టి. "అన్నం పెట్టేది ఆయనే కదా ఇప్పుడు. కానీ ఒరే, బొట్టెక్కడ పెట్టడం?"

"పైకి చూసి దండం పెట్టేయండి సార్," అంది కరుణ.

"దండం సరేనమ్మా. బొట్టో?"

"ఆ నెట్టు డబ్బాకి పెట్టండి," అన్నాడు వీరభద్రం. "ఆయన దాన్లోంచేగా వచ్చేది."

డబ్బాకి గంధం పూశారు. బొట్టు పెట్టారు. నా దండ, నేను ఏళ్ళ తరబడి వేసుకున్నటువంటి బంతిపూల దండ, దాని మెడలో వేశారు. దానికి మెడే లేదు! పైగా కొబ్బరికాయ ఆయుధం ఎదురుగానే కొట్టాలని పట్టుబట్టి, గదిలో రాయి లేదు కాబట్టి, సూర్యచక్రం గారు ఆ కాయను ఠపీమని నా నెత్తి మూలకేసి కొట్టారు. పూజ పాలివాడికి, దెబ్బ నాకు. ఇంక నా వల్ల కాలేదు. కొబ్బరి నీళ్ళు నా కణత మీదుగా జారుతుండగా, ఎవరూ చూడకుండా, కుడి భుజం కాస్తంత వంచాను. అంతే. నీళ్ళు ధారకట్టి నేరుగా ఆ డబ్బా నెత్తిన పడ్డాయి. అది ఒక్కసారి చిటపటమని ఆకుపచ్చ కళ్ళు మూసేసింది.

"అయ్యో అయ్యో అయ్యో," అన్నాడు వీరభద్రం.

"శుభమేరా, అభిషేకం," అన్నారు సూర్యచక్రం గారు. కౌంటరు దగ్గర తెరలన్నీ బిగుసుకుపోయాయని కరుణ పరుగెత్తుకు వచ్చి చెప్పేదాకా ఆయన కళ్ళు మూసుకునే ఉన్నారు.

ఆ రోజు హైదరాబాదు విమానానికి వచ్చిన వాళ్ళలో సత్యవేణి అనే ఆవిడ ఉంది. రాజోలు అవతలి పల్లె. నడివయసు. కువైటులో ఒక ఇంట్లో వంట చేసేది. తల్లికి జబ్బు చేస్తే వచ్చి, తల్లి లేచి తిరిగేదాకా ఉండి, మళ్ళీ బయలుదేరింది. హైదరాబాదులో దిగి, అక్కడి నుంచి వేరే కంపెనీ విమానంలో కువైటు వెళ్ళాలి. ఆవిడ కౌంటరు బల్లను రెండు చేతులా పట్టుకుని నిలబడింది.

"అమ్మాయ్‌గారూ, నా వీసా ఇయ్యాలతో ఆఖరండి. రేపు దిగితే ఎనక్కి తిప్పేత్తారండి. ఇంటికి గోడలు లేసేయండి, శ్లాబు లేదండి. నేను ఎల్లకపోతే ఆ గోడలు వానకి నానిపోతాయండి."

"కంగారు పడకండి పిన్నిగారూ. చేత్తో రాసిచ్చేస్తాం," అంది కరుణ. "మా వెనకగది ముసలాడు మూలపడ్డప్పుడల్లా అలాగే రాసిచ్చేవాళ్ళం. ఆ విమానాలన్నీ ఎగిరేయండి."

విన్నారు కదా. నేను ఊఁ అనకుండా విమానం లేచేది కాదని మొదట్లో అన్నాను. ఆ మాట ఇప్పుడు సంతోషంగా వెనక్కి తీసుకుంటున్నాను. వానాకాలమంతా నాకు జ్వరాలే. నేను పడుకున్నప్పుడల్లా కరుణ పెన్నుతో కార్డులు రాసిచ్చేది, విమానం నా గది కిటికీ ముందు నుంచే, నావైపైనా చూడకుండా ఎగిరిపోయేది. ఏం చేస్తాం, పెద్దవాణ్ణి కదా, ఒక మాట పెంచి చెప్పాను.

అయితే ఈసారి పెన్ను పని చెయ్యదు. చేత్తో రాస్తే హైదరాబాదు దాకానే చెల్లుతుంది. అక్కడ ఆవిడ పెట్టె దింపుకుని, మళ్ళీ కువైటు కౌంటరు వరసలో నిలబడి, కొత్తగా కార్డు తీసుకోవాలి. విమానం అప్పటికే ఆలస్యం. ఈవిడ దిగేసరికి ఆ కౌంటరు మూసేస్తారు. ఆ మాట కరుణ మెల్లగా చెబితే సత్యవేణి పైట చెంగు నోట్లో కుక్కుకుంది.

అప్పుడు సూర్యచక్రం గారికి మెరుపులాంటి ఆలోచన వచ్చింది. "ఒరే వీరభద్రం! మన ముసలాణ్ణి లేపు!"

ఆ క్షణం కోసమే కదా నేను బతికున్నది! దుర్గమ్మ వారిని కుర్చీలో కూర్చోబెట్టి, పట్టుగుడ్డ లాగేసి, తీగలు తగిలించారు. "లే మావా, నీ రోజొచ్చింది," అని వీరభద్రం మీట నొక్కాడు. దగ్గాను. గుర్రుమన్నాను. ఫ్యాను తిరిగేసరికి బల్లి బెదిరి, సూర్యచక్రం గారి భుజం మీద పడి, గోడెక్కింది. శకునం ఏమిటో చూసుకునే తీరిక కూడా ఆయనకు లేదు. కరుణ 'సత్యవేణి' అని కొట్టింది. నా కడుపంతా దేవాను. ఉందండి, పేరు ఉంది! రివ్వున కార్డు అచ్చేసి బయటికి తోశాను. కిటికీ పక్క సీటు కూడా ఇచ్చాను.

కరుణ కార్డు చూసి పెదవి విరిచింది. "ఈవిడ వేరే సత్యవేణండి సార్. ఎప్పుడో కంటి ఆపరేషనుకి వెళ్ళినావిడ. తేదీ చూడండి, పోయినేడాది శ్రావణమాసం."

నాకు తెలిసిన సత్యవేణి ఆవిడే మరి! నన్నాపేసిన రోజుతో నా లోకం ఆగిపోయింది. ఆ తరవాత పేర్లన్నీ మేడల్లో మా పాలివాళ్ళ దగ్గరే ఉన్నాయి. సత్యవేణి తలుపు దగ్గర నుంచి తొంగిచూసి నన్ను పరామర్శించింది.

"పోన్లెండి, తిట్టకండి, పెద్దాయన. మా మావగారూ ఇంతేనండి. మనవణ్ణి పట్టుకుని కొడుకు పేరెట్టి పిలుత్తారు, ఎక్కాల పుస్తకం తెమ్మంటారు."

తిట్టినా బాగుండేది.

ఇక కరుణే తేల్చింది. "క్లౌడుకేం కాలేదు సార్. దారి తడిసింది, అంతే. ఫోన్లలో నెట్టుంది కదా, ఆ దారిన పోదాం. రేకుల కింద సిగ్నలు రాదు. బయట టాక్సీలు ఆగేచోట వస్తుంది."

చూడాలి ఆ సంబరం. కౌంటరు మీది చిన్న కంప్యూటరును, చీటీలు అచ్చేసే మిషనును సామాన్ల బండి మీద పెట్టి పెళ్ళికూతుర్లా ఊరేగించారు. టీ కొట్టు నుంచి కరెంటు లాగారు. ప్రయాణికులు వెనకాలే వచ్చారు.

"నా ఫోన్లో నెట్టు బోలెడుంది, తీసుకో అమ్మాయ్," అన్నాడొక చేపల చెరువుల ఆసామి.

"మీ ఫోన్లో సిగ్నలు సగమేనండి బాబాయ్. నాది నిండుగా ఉంది," అన్నాడు పక్కాయన.

"నిండుగా ఉంటే పైకెత్తి పట్టుకో, గొప్పలు తరవాత."

చేపల చెరువుల ఆసామి ఫోను గొడుగు కొసకు జేబురుమాలుతో కట్టి పైకెత్తి పట్టుకున్నాడు. "ఎండ తగిలిందంటే నెట్టు బాగా వత్తాది," అని ఎవరో అంటే మరికొంచెం ఎత్తాడు. కరుణ ఒక్కసారి పేరు కొట్టింది. ఎక్కడో, ఏ దేశపు మేడలోనో, ఒక పాలివాడు తలూపాడు. వాడు కువైటు కంపెనీ పాలివాణ్ణి పలకరించాడు. ఇద్దరూ కన్ను మూసి తెరిచేలోపు మాట్లాడేసుకుని, హైదరాబాదుకొక కార్డు, కువైటుకొక కార్డు, పెట్టెకు నేరుగా కువైటు చీటీ ఇచ్చేశారు. దారిలో దింపుకోవలసిన పని లేదు, వరసలో నిలబడవలసిన పని లేదు. నేను కిటికీలోంచి చూస్తున్నాను. నేను నిండు ఆరోగ్యంతో, దండ మెడలో వేసుకుని ఉన్న రోజుల్లో కూడా ఆ చీటీ ఇవ్వలేకపోయేవాణ్ణి. అదీ నిజం. నా కాలంలో అయితే సత్యవేణి వీసా చచ్చిపోయేది.

విమానం వైపు వెళుతూ ఆవిడ మా గది గుమ్మంలో ఆగింది. "అమ్మవారిని కుర్చీలో పెట్టేసేరేంటండి, ఎవరి కాలన్నా తగిల్తే!" అని పటం తీసి మళ్ళీ నా నెత్తి మీద పెట్టింది. కళ్ళు మూసుకుని దండం పెట్టింది. ఆ దండం నాకు కాదని నాకు తెలుసు. అయినా కాసేపు నాకే అనుకున్నాను. పైన అమ్మవారు ఏమీ అనలేదు.

సాయంత్రం కరుణ ఫోనులో ఆవిడ గొంతు మోగింది. "దిగేనమ్మాయ్‌గారూ! పెట్టె కూడా వచ్చిందండి. ఇక్కడ పెద్దావిడ గుమ్మంలోనే పట్టుకుని, పప్పుచారు పెట్టమంటందండి, చీర మార్చుకోనివ్వకుండా!" అందరూ నవ్వారు. "క్లౌడు మహత్యం," అన్నారు సూర్యచక్రం గారు, ఆకాశంలోకి చూసి దండం పెడుతూ. వీరభద్రం కొత్త డబ్బా తగిలించాడు. దానిమీద బొట్టు పెట్టలేదు గానీ, మెడ లేకపోయినా దండ మాత్రం వేశాడు.

మొన్న పాత సామాన్లు కొనే షాపువాడు వచ్చి, నా వీపు తట్టి, ఇనుమెంత, రాగెంత అని అంచనా కట్టాడు. కదిపి చూద్దామని భుజం పట్టుకుని ఊపాడు. ఊగలేదు. "ఏంటండీ ఇది, నేలలోకి పాతేసినట్టుంది?" అన్నాడు.

"నేను పెట్టిన రోజునే నాలుగు కాళ్ళూ బోల్టులేసి బిగించేశానండి," అన్నాడు వీరభద్రం. "గునపం పెట్టి పొడిచినా వెంట్రుకంత కదలడు మావ."

సరే, దొరికిపోయాను. కాబట్టి చెప్పేస్తున్నాను. నవమి నాడు నేను భుజం వంచలేదు. వియ్యపురాళ్ళ సంగతి నిజమే, గొడుగు కొసన ఫోను నిజమే, సూర్యచక్రం గారి మీద బల్లి పడడం నిజమే. భుజం వంచడమొక్కటే నేను కల్పించింది. కాయ పగిలింది, నీళ్ళు పల్లానికి పోయాయి, డబ్బా పల్లంలో ఉంది. ఆ రోజు మా పాలివాళ్ళను నడపడానికి నా అవసరం రాలేదు. చెడగొట్టడానికి కూడా రాలేదండి. ఆ రెండో మాటే నాకు మింగుడు పడలేదు.